పెద్ద పండగ రోజున షాపు తెరవాలా, మూయాలా? లెక్క తెలిసినవాళ్లు చెప్పండి

షట్టర్ తాళం:
నాలుగు బిల్లింగ్ కౌంటర్లు, పాతిక ముప్పై మంది స్టాఫ్ ఉండే షాపును దృష్టిలో పెట్టుకుని అడుగుతున్నా. పెద్ద పండగ వచ్చిన ప్రతిసారీ ఇదే గొడవ. "పాపం, వాళ్లకీ ఇళ్లూ పిల్లలూ ఉన్నారు" అని ఒకవైపు, "కస్టమర్ వచ్చి షట్టర్ చూసి వెనక్కి పోతే ఎలా" అని ఇంకోవైపు. రెండూ నిజమే, రెంటితోనూ ఏదీ తేలదు. లెక్క ఎలా చూడాలి, తెరిస్తే ఎంతమంది కావాలి, మూస్తే ఏం జాగ్రత్తలు తీసుకోవాలి, ఎక్కడ బెడిసికొడుతుంది అన్నది రాయండి. నీతులు వద్దు దయచేసి.

లెక్కల పుస్తకం:
పండగనాటి గల్లా ఒక్కటే చూస్తే ఎప్పుడూ తెరవాలనే అనిపిస్తుంది. చూడాల్సింది ముందురోజు, పండగ రోజు, మర్నాడు కలిపి మూడు రోజుల మొత్తం. తెరిచిన ఏడాది మొత్తాన్ని మూసిన ఏడాది మొత్తం పక్కన పెట్టండి. పండగ వారంలో ఏ రోజున పడిందో కూడా చూసుకోవాలి. ఆదివారానికి ఆనుకుని వచ్చినదాన్ని బుధవారం వచ్చినదానితో పోలిస్తే లెక్క తలకిందులవుతుంది.

ఒక అంచనా చూద్దాం. పండగ రోజు అమ్మకం 1000 అనుకోండి. అందులో 600 ఎలాగూ ముందురోజో మర్నాడో మీకే వచ్చేదైతే, తెరిచినందుకు అదనంగా దక్కింది 400. మార్జిన్ 20 శాతమైతే చేతిలో మిగిలేది 80. ఆ రోజు ఖర్చు 80 దాటిందంటే నష్టానికి తెరిచినట్టే.

ఖర్చులో ఏం వేయాలన్నదే చాలామంది తప్పు చేసే చోటు. అద్దె వేయకండి. ఫ్రిజ్‌ల కరెంటు వేయకండి, షాపు మూసినా అవి నడుస్తూనే ఉంటాయి. సెలవిచ్చినా జీతం కోయని నెలజీతం వాళ్ల మామూలు రోజు జీతమూ వేయకండి. పండగ పని చేసినందుకు అదనంగా ఇచ్చే మొత్తం, ఆ రోజు లైట్లు, ఏసీ, సెక్యూరిటీ, స్టాఫ్‌ను తీసుకొచ్చే బండి ఖర్చు మాత్రం వేయాలి. బదులు సెలవు ఇస్తే ఆ సెలవు రోజున వాళ్ల స్థానంలో పెట్టే మనిషి కూలి కూడా ఇక్కడే పడుతుంది. దాన్ని ఎవరూ రాయరు.

గల్లాపెట్టె:
లెక్క బాగుంది గానీ ఒక మెలిక ఉంది. ఆ 600 మీ షాపుకే వస్తుందన్న గ్యారంటీ ఏమిటి? వీధిలో అందరూ మూస్తే వస్తుంది. పక్కవాడు తెరిస్తే అందులో కొంత వాడి గల్లాలో పడుతుంది. అమెరికాలో 2010ల మొదట్లో జరిగింది అదే. అక్కడి పెద్ద పండగ థ్యాంక్స్‌గివింగ్ రాత్రి ఒకడు తలుపు తెరిచాడని ఇంకొకడు తెరిచాడు, వాడికన్నా గంట ముందు మరొకడు. 2020లో కోవిడ్ పుణ్యమా అని పెద్ద స్టోర్లు చాలావరకు ఆ రోజు మూశాయి. మరుసటి ఏడాది టార్గెట్ అనే పెద్ద స్టోర్ల కంపెనీ ఇక ఎప్పటికీ ఆ రోజు తెరవబోమని ప్రకటించేసింది. పోటీ కోసం మాత్రమే తెరిచే రోజైతే, పోటీదారుడు మూస్తే మీరూ నిశ్చింతగా మూయొచ్చు.

ఇంకో మాట. సరుకును బట్టి కూడా మారుతుంది. మంచం, టీవీ, బట్టలు రేపటికి ఆగుతాయి. జ్వరం మందు, పసిపిల్లల పాలపొడి, గ్యాస్ లైటర్, టార్చి బ్యాటరీ ఆగవు. మందుల షాపుకీ సోఫాల షాపుకీ ఒకే రూలు పెట్టమనేవాళ్లతో నేను వాదించను.

రోస్టర్ బల్ల:
తెరవాలని తేలితే అసలు పని అప్పుడు మొదలవుతుంది. నా అభిప్రాయం సూటిగా చెప్తా: సగం స్టాఫ్‌తో రోజంతా తెరవడం అన్నింటికన్నా చెడ్డ పద్ధతి. పూర్తి స్టాఫ్‌తో సగం రోజు తెరవడం మేలు.

ఎందుకంటే క్యూ లెక్క అలా ఉంటుంది. ఒక బిల్లుకి సగటున 3 నిమిషాలు పడితే ఒక కౌంటర్ గంటకి 20 బిల్లులు చేస్తుంది. గంటకి 50 మంది వస్తే 3 కౌంటర్లు చాలు, కాస్త ఊపిరి తీసుకునే సందూ ఉంటుంది. "పండగే కదా, ఇద్దరు చాలు" అని 2 కౌంటర్లు పెట్టారనుకోండి, గంటకి 40 మంది బయటపడతారు, 10 మంది మిగిలిపోతారు. రెండు గంటలకి క్యూలో 20 మంది. ఆ చివరివాడు బిల్లు దాకా రావడానికి అరగంట. వాడు బుట్ట అక్కడే వదిలేసి పోతాడు. ఆ బుట్టలోని చల్లటి సరుకుని ఎవరో ఒకరు మళ్లీ ఫ్రిజ్‌లో సర్దాలి, ఆ మనిషి కూడా కౌంటర్ నుంచే లేస్తాడు. అక్కడి నుంచి అంతా జారుడే.

బ్రేకులు మరిచిపోకండి. 8 గంటల షిఫ్టులో భోజనానికి అరగంట, టీకి రెండుసార్లు పావుగంట చొప్పున ఒక్కొక్కరికి గంట. 3 కౌంటర్లంటే 3 గంటలు. దానికి నాలుగో మనిషి కావాలి. మిగతా టైములో ఆ మనిషి ప్యాకింగ్, ట్రాలీలు చూసుకుంటాడు.

తల లెక్క సరిపోతే చాలదు, ఎవరున్నారన్నది ముఖ్యం. సీనియర్లు ముందే సెలవు పెట్టేస్తారు, కొత్తవాళ్లు మిగులుతారు. తప్పు బిల్లు రద్దు చేసే కోడ్ ఒక్కరికే ఉండి, ఆ ఒక్కరూ భోజనానికి వెళ్తే కౌంటర్ మొత్తం ఆగుతుంది. కోడ్ ఉన్నవాళ్లు ఇద్దరు, తాళాలు ఉన్నవాళ్లు ఇద్దరు ఉండి తీరాలి, ఇద్దరి బ్రేకులూ ఒకేసారి పడకూడదు. ప్రతి ఎనిమిది మందికి ఒకరిని స్టాండ్‌బైలో పెట్టండి. పిలవకపోయినా ఆ స్టాండ్‌బైకి ఎంతో కొంత ఇవ్వాలి, లేకపోతే ఆ రోజు వాళ్ల ఫోన్ స్విచాఫే.

ముందురాత్రి 11కి షట్టర్ వేసినవాళ్లనే మర్నాడు పొద్దున 7కి రమ్మనకండి. యూరోపియన్ యూనియన్ నియమాల్లో 24 గంటల్లో వరుసగా 11 గంటల విశ్రాంతి తప్పనిసరి. మీ దగ్గర అలాంటి రూలు లేకపోయినా దాన్నే కొలతగా పెట్టుకోండి. పొద్దున గల్లా లెక్కలో తేడాలు ఎక్కువగా ఇలాంటి షిఫ్టుల్లోనే వస్తాయి. పండగ రోజు బస్సులు తక్కువ తిరుగుతాయి కాబట్టి ఓపెనింగ్ టైము మొదటి బస్సుని చూసి పెట్టండి.

కౌంటర్ నంబర్ 3:
"ఇష్టమైనవాళ్లే వస్తారు" అని కాగితం మీద రాసినంత మాత్రాన అది ఇష్టం అయిపోదు. రానన్నవాడికి పై నెల గంటలు కోస్తే, ఇంక పేరెందుకు ఆ లిస్టుకి? నిజంగా ఇష్టం మీదే నడపాలంటే ఒక వరస ఉంది.

పండగకి ఆరు వారాల ముందు కాగితం పెట్టండి. అదనంగా ఎంత ఇస్తారో అందులోనే రాయండి, పేర్లు వచ్చాక చెప్పడం మోసం. బదులు సెలవు "తర్వాత చూద్దాం" అనకుండా తేదీతో సహా రాయండి. పేర్లు చాలకపోతే ముందు రేటు పెంచండి, అప్పటికీ చాలకపోతే పోయినేడాది చేయనివాళ్లతో మొదలుపెట్టి వంతులు వేయండి. ఏడాదిలో రెండు పెద్ద పండగలుంటే ఒకటి చేసినవాళ్లకి రెండోది కచ్చితంగా సెలవు. ఒక మతంవాళ్ల పండగకి ఇంకో మతంవాళ్లు వచ్చి, తమ పండగకి సెలవు తీసుకునే సర్దుబాటు చాలాచోట్ల ఎవరూ చెప్పకుండానే నడుస్తుంటుంది. దాన్ని నోటిమాటగా వదిలేయకుండా రోస్టర్లో, అంటే డ్యూటీల పట్టికలో, రాయండి, లేకపోతే మేనేజర్ మారగానే ఎగిరిపోతుంది.

మూసేయమనేవాళ్లకి కూడా ఒక మాట. గంటల లెక్కన జీతం తీసుకునేవాళ్లకి మూసిన రోజంటే జీతం లేని రోజు. జీతంతో మూస్తేనే అది సెలవు, జీతం లేకుండా మూస్తే కోత. అమెరికాలో ఆర్‌ఈఐ అనే స్టోర్ల సంస్థ 2015లో బ్లాక్ ఫ్రైడే (థ్యాంక్స్‌గివింగ్ మర్నాడు వచ్చే భారీ అమ్మకాల రోజు) నాడు మూసినప్పుడు ఉద్యోగులకి ఆ రోజు జీతం ఇచ్చి మూసింది.

చట్టం గిట్టం:
దేశాన్ని బట్టి మూడు రకాల పద్ధతులు కనిపిస్తాయి.

కొందరు షాపునే మూయిస్తారు. ఇంగ్లాండ్, వేల్స్‌లో 280 చదరపు మీటర్లు దాటిన షాపులు క్రిస్మస్ రోజు తెరవకూడదని 2004లో చట్టం చేశారు. చిన్న షాపులకి అది వర్తించదు. జర్మనీలో ఆదివారాలకీ పండగలకీ ఉన్న రక్షణ ఏకంగా రాజ్యాంగంలోనే ఉంది, 1919 నాటి వైమార్ రాజ్యాంగం నుంచి తెచ్చిపెట్టుకున్న వాక్యం అది. న్యూజిలాండ్‌లో ఏడాదికి మూడున్నర రోజులు: గుడ్ ఫ్రైడే, ఈస్టర్ ఆదివారం, క్రిస్మస్, సైనికుల స్మారక దినమైన ఆన్‌జాక్ డే మధ్యాహ్నం ఒంటిగంట దాకా.

కొందరు షాపుని వదిలేసి మనిషిని చూస్తారు. మన దేశంలో షాపుల కోసం కేంద్రం రాష్ట్రాల ముందు పెట్టిన 2016 నమూనా బిల్లు, దాని తర్వాత 2017లో మహారాష్ట్ర చట్టం ఈ దారిలోవే. షాపు ఏడాది పొడుగునా తెరుచుకోవచ్చు, పనివాడికి మాత్రం వారంలో ఒకరోజు సెలవు ఉండాలి. న్యూజిలాండ్‌లో పైదానికి తోడు ఇదీ ఉంది: మామూలుగా తన పనిరోజైన పండగ నాడు పనిచేస్తే ఒకటిన్నర రెట్లు జీతం, పైగా ఇంకో రోజు సెలవు.

మూడో రకం, ఏమీ చెప్పకుండా వదిలేయడం. ప్రైవేటు ఉద్యోగులకి పండగ రోజు అదనపు జీతం ఇచ్చి తీరాలని అమెరికా ఫెడరల్ చట్టంలో లేదు. అక్కడ ఇచ్చేదంతా కంపెనీ పాలసీయో, యూనియన్ ఒప్పందమో, రాష్ట్ర చట్టమో.

నాకు రెండో పద్ధతి నచ్చుతుంది, కానీ తనిఖీ ఉంటేనే. మూసిన షట్టర్ వీధిలో అందరికీ కనిపిస్తుంది. ఇచ్చినట్టు రాసిన బదులు సెలవు రిజిస్టర్లో తప్ప ఎక్కడా కనిపించదు.

గోడౌన్ గుమాస్తా:
మూస్తే ఏం చేయాలన్నది ఎవరూ రాయలేదు, నేను రాస్తా.

మూయడం ముందురోజే మొదలవుతుంది, ఆ రోజు రద్దీ తట్టుకోలేక చేతులెత్తేస్తారు. పండగ షిఫ్టులో మిగిలిన గంటల్ని ముందురోజు సాయంత్రానికి తరలించండి. త్వరగా పాడయ్యే సరుకు ఆర్డర్ నాలుగు రోజుల ముందు నుంచే తగ్గిస్తూ రావాలి. మామూలుగా రోజుకి 100 తెప్పిస్తే, రద్దీ ఉంది కదా అని చివరిరోజు 200 చెప్పకండి. దాన్ని రెండు రోజుల్లో సర్ది, చివరి లోడు పొద్దున్నే దిగేలా చూడండి. సాయంత్రం దిగిన లోడు అరల్లోకి ఎక్కకముందే షట్టర్ పడుతుంది. ధర తగ్గించి అమ్మేయాల్సినవి మధ్యాహ్నానికే తగ్గించాలి, చివరి గంటలో స్టిక్కర్లు వేస్తే కొనేవాడుండడు.

సప్లయర్‌కి కూడా సెలవే అని గుర్తుంచుకోండి. మర్నాడు పొద్దున లోడు రాదు. తెరవగానే అరలు ఖాళీగా కనిపిస్తే మూసినందుకు పడే తిట్లకన్నా ఎక్కువ పడతాయి.

చల్లగది విషయం: కూలర్ 5 డిగ్రీల లోపు, ఫ్రీజర్ మైనస్ 18. అలారం ఇద్దరి ఫోన్లకి వెళ్లాలి, ఆ ఇద్దరిలో ఒకరైనా ఊళ్లో ఉండాలి, ఆ ఒకరి దగ్గర తాళం ఉండాలి. చెప్పుకోవడానికి సులువే. పండగ రోజు ఈ మూడూ ఒకే మనిషిలో కుదరవు. మెకానిక్ పండగనాడు వస్తాడో రాడో ముందే కనుక్కోండి, వస్తే ఎంత తీసుకుంటాడో కూడా.

గల్లాపెట్టె:
దీనికి నగదు కూడా కలపండి. బ్యాంకు వరుసగా రెండు రోజులు మూస్తే చిల్లర మూడు రోజులకి సరిపడా ముందే తెచ్చుకోవాలి. ముందురోజు గల్లా అంతా సేఫ్‌లోనే పడి ఉంటుంది, ఇన్సూరెన్స్ పాలసీలో సేఫ్‌కి రాసిన పరిమితి దాటిందేమో చూడండి. దాటితే మధ్యాహ్నమే ఒకసారి నగదు బండిని రప్పించాలి. సేఫ్‌కి టైమ్‌లాక్ ఉంటే మర్నాడు తెరిచే టైముకి మార్చండి. ఆటోమేటిక్ తలుపులు, బోర్డు లైట్లు కూడా మామూలు రోజు టైమర్ మీదే ఉంటాయి. మూసిన షాపు తలుపు పొద్దున తొమ్మిదికి తనంతట తనే తెరుచుకోవడం జోకులా ఉంటుంది, ఆ షాపు మీ సొంతమైతే ఉండదు.

షట్టర్ తాళం:
అందరికీ థ్యాంక్సండీ. ఇంకో ప్రశ్న. స్టాఫ్ లేకుండా సెల్ఫ్ బిల్లింగ్ మెషీన్లతో మాత్రమే తెరిస్తే?

రోస్టర్ బల్ల:
"స్టాఫ్ లేకుండా" అన్నది బ్రోషర్‌లో మాట. బార్‌కోడ్ చదవకపోయినా, కాగితపు రోల్ అయిపోయినా, వయసు చూసి అమ్మాల్సిన సరుకు ఉన్నా మనిషి కావాలి. నాలుగు నుంచి ఆరు మెషీన్లకి ఒకరు. కింద పడ్డ సీసా తుడవడానికి, పడిపోయిన కస్టమర్‌కి సాయం చేయడానికి ఇంకొకరు. రెంటికీ ఒక్కరినే పెడితే ఆ ఒక్కరూ ఒంటరిగా ఉంటారు, భద్రత దృష్ట్యా నేను ఒప్పుకోను. కనీసం ఇద్దరు. ఇద్దరూ ఎలాగూ వస్తుంటే ఒక కౌంటర్ తెరవండి, పెద్దవాళ్లకి ఇబ్బంది ఉండదు.

కౌంటర్ నంబర్ 3:
సగం రోజు తెరవాలనుకుంటే పొద్దుటిపూటే పెట్టండి. మరిచిపోయిన సరుకు కోసం వచ్చేవాళ్లు పొద్దున్నే వస్తారు, సాయంత్రం స్టాఫ్ ఇంట్లో ఉంటారు. టైములు రెండు వారాల ముందే తలుపు మీద, బిల్లు అడుగున, ఆన్‌లైన్ మ్యాప్‌లో పెట్టాలి. మ్యాప్‌లో పండగ టైములకి వేరే గడి ఉంటుంది. మామూలు టైముల్లో మారిస్తే పై వారం కూడా "మూసి ఉంది" అనే చూపిస్తుంది. తలుపు మీద "మధ్యాహ్నం వరకు" అని రాయకండి, "1 గంటకి బిల్లింగ్ ఆపుతాం, 12:45 తర్వాత లోపలికి అనుమతి లేదు" అని రాయండి.

లెక్కల పుస్తకం:
మర్నాటి రోస్టర్ కూడా ఇప్పుడే వేసుకోండి. వాపసులు, సైజు మార్పులు అన్నీ ఆ రోజే పడతాయి. అమ్మే కౌంటర్‌లోనే వాపసులు తీసుకుంటే రోస్టర్ బల్ల చెప్పిన క్యూ కథ మళ్లీ మొదలు. వాపసుకి విడిగా ఒక బల్ల, రద్దు కోడ్ ఉన్న ఒక మనిషి, తిరిగొచ్చిన సరుకు పెట్టడానికి మూడు బుట్టలు: మళ్లీ అరలోకి వెళ్లేవి, కంపెనీకి పంపేవి, పారేసేవి.