పాత తెరచాప పడవ డెక్ మెత్తబడింది: పైన ఫైబర్ మ్యాట్ వేస్తే సరిపోతుందా, కోసి తీయాలా?

బరంపురం తెరచాప:
అందరికీ నమస్కారం. 26 అడుగుల పాత ఫైబర్ తెరచాప పడవ కొన్నాను, ముప్పై ఏళ్లు దాటింది. గోపాల్‌పూర్ దగ్గర తెలిసినవాళ్ల తోటలో దుంగల మీద ఎక్కించి, సెలవు రోజుల్లో నేనే బాగుచేసుకుంటున్నాను. తెరచాప కట్టే స్తంభం, అదే మాస్ట్ పక్కన డెక్ మీద కాలు పెడితే నానిన అట్టపెట్టెలా దిగుతోంది. మా ఫైబర్ తెప్పల మేస్త్రి "పైన రెండు పొరలు మ్యాట్ వేసేద్దాం బాబూ" అంటున్నాడు, వీడియోల్లో ఏమో చిల్లులు పెట్టి ఎపాక్సీ (గట్టిపడే జిగురు) ఎక్కించమంటున్నారు. ఏది చేయాలి? చాలా డబ్బు పెట్టేశాను, టెన్షన్‌గా ఉంది.

విశాఖ బాబాయ్:
తమ్ముడూ, రెండూ వద్దు. ఆ కాలం పడవల్లో డెక్ ఎక్కువగా రెండు పలుచటి ఫైబర్ పొరల మధ్య బాల్సా అనే తేలికపాటి చెక్క పెట్టి కట్టినదే. చెక్క కుళ్లితే పైన ఎంత మ్యాట్ వేసినా బరువే గానీ బలం రాదు, తడి చెక్కలోకి ఎపాక్సీ సరిగా ఇంకదు కూడా. ముందు స్క్రూడ్రైవర్ పిడితో డెక్ అంతా తట్టి చూడు, బాగున్నచోట ఖంగుమంటుంది, పోయినచోట చచ్చు చప్పుడు వస్తుంది, అక్కడ సుద్దముక్కతో గీత గియ్యి. తర్వాత పై పొర వరకే 5 ఎం.ఎం. చిల్లు పెట్టి, వచ్చే పొట్టు వేళ్లతో నలిపి చూడు. లేత రంగులో పొడిగా ఉంటే వదిలెయ్యి, నల్లగా ముద్దగా వస్తే కోయాల్సిందే. పై పొర ముక్క జాగ్రత్తగా దాచు, కుళ్లు గోకి, బాగా ఎండాక కొత్త బాల్సా పెట్టి అదే ముక్క అతికించొచ్చు. అతుకు అంచులు మందానికి 12 రెట్ల వెడల్పున ఏటవాలుగా అరగదీయాలి, అంటే 3 ఎం.ఎం. పొరకి 36 ఎం.ఎం. ఇక్కడ బద్ధకించావా, అతుకు దగ్గరే పగులుతుంది. మాస్ట్ డెక్ మీదే నిలబడేదైతే మాత్రం ముందు దాన్ని దించాకే రంపం పట్టు.

ఇచ్ఛాపురం ఫైబర్ పని:
బాబాయ్ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నీళ్లు ఎటునుంచి దిగాయో కూడా చూడండి, ఎక్కువగా రెయిలింగ్ కాళ్ల బోల్టులే. ఆ బోల్టు చిల్లుని పెద్దది చేసి, చిక్కటి ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక మధ్యలో బోల్టు సైజు చిల్లు పెడితే ఈసారి సీలెంట్ వదిలినా నీరు చెక్కని తాకదు. పాలిస్టర్ రెజిన్ వాడితే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, కోబాల్ట్‌ని (రెజిన్ త్వరగా గట్టిపడటానికి కలిపే ద్రవం) హార్డెనర్‌తో నేరుగా కలపకూడదు, భగ్గుమంటుంది. కోబాల్ట్ ముందు రెజిన్‌లో బాగా కలిపాకే హార్డెనర్ పోయాలి. ఇంకోటి, తుఫానుల కాలం కాబట్టి కార్తీకం వెళ్లేదాకా డెక్ తెరవకండి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను తీరం దాటింది మీ గోపాల్‌పూర్ దగ్గరే కదా.

బరంపురం తెరచాప:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. నిన్న తట్టి చూశాను, ఎడమవైపు రెయిలింగ్ కాలు నుంచి మాస్ట్ దాకా మూడడుగులు చచ్చు చప్పుడే. చిల్లు పెడితే వాడేసిన టీపొడిలా నల్లగా వచ్చింది. మేస్త్రికి ఆ పొట్టు చేతిలో పెట్టి చూపించాను, వాసన చూసి "కోద్దాం బాబూ" అన్నాడు. ఆదివారం ఆర్జిపల్లి నుంచి నలుగురిని తెస్తానన్నాడు, మాస్ట్ దించడానికి. బోల్టులు తీసి, టార్పాలిన్ కప్పి ఉంచుతాను, డెక్ మాత్రం డిసెంబర్‌లోనే తెరుస్తాను.