‘ఈనగాసి నక్కల పాలు’: ఆ కాపు దేనికోసం?

మొన్న మన గుంపులో ఒకరు ‘ఈనగాచి నక్కల పాలు చేసినట్టు’ అన్న సామెతకు, నక్కలొచ్చి పాలు తాగిపోయాయని అర్థం రాశారు. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్నట్టు, కింద ముప్పైమంది బాగుందన్నారు! అది తాగే పాలు కాదు, వాటా. అడవిపాలు, మంటలపాలు, నవ్వులపాలు అంటామే, ఆ పాలు. ఈనేదాకా కాసి కాసి, తీరా పిల్లను నక్కలకు అప్పజెప్పిన బతుకు అన్నమాట.

అసలు నాకు పట్టింపు మొదటి మాట మీద. ఈనగాచు. ఈనేదాకా కావలి ఉండుడు అని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కానీ మా హన్మకొండ చుట్టుపక్కల ఇంటెనక నాలుగు మేకలు కట్టుకున్నోళ్లను అడగండి, ఆ కాపు నక్కల కోసం కాదంటరు. నక్కలు చివరి గంట సంగతి, ఇప్పుడైతే ఆ పని ఊరకుక్కలే చేస్తున్నయి. అంతకుముందున్న ఐదు నెలలు కాసేది ఈసుకపోకుండ, అంటే కడుపు పోకుండ.

మేకకు సూడి దాదాపు 150 రోజులు. పోతు దాటినంక మూడు వారాలకు మళ్లీ ఎదకు రాకపోతే ‘సూడి నిలిచింది’ అంటం. మనిషినైతే నీళ్లోసుకుంది, వట్టి మనిషి కాదు అంటం. మేక నీళ్లోసుకుందని అంటే నవ్వుతరు. చూలు (కడుపు) అనే మాట మనుషులకు మా దిక్కు ‘తొలుసూరు (తొలిచూలు) బిడ్డ’లో మాత్రమే మిగిలింది.

సూడి మధ్యలో పోతే ‘ఈసుకపోయింది’. ఇక్కడే నా ప్రశ్న. ఊర్లో ఈ మాట ఎందుకు పోయినా వాడతరు: ఇంకో మేక పొడిచినా, కుక్కలు తరిమినా, బూజు పట్టిన మేత తిన్నా. పశువైద్యం కరపత్రాల్లో మాత్రం ‘ఈసుడు రోగం’ అంటే ఒక్క బ్రూసెల్లోసిస్, బ్రూసెల్లా అనే బాక్టీరియాతో వచ్చే అంటురోగం. ఒకే మాట రెండు కొలతల్లో నడుస్తోంది. మీ దిక్కు ఏమంటరు?

*జమ్మికుంట నుంచి:*
మా దగ్గర పెద్దోళ్లు ఈసుకపోయింది అంటరన్నా. మా ఈడోళ్లు మేకకు కూడా ‘అబార్షన్ అయింది’ అంటున్నరు. ఏ మాటన్నా కారణం మాత్రం దిష్టే. గడపకు నిమ్మకాయ కడితే పని అయిపోయింది.

*పశువైద్యుడు, ములుగు దిక్కు:*
పోస్టు పెట్టినాయన చెప్పిన తేడా నాకు రోజూ ఎదురయ్యేదే. ‘సార్, మేక ఈసుకపోయింది’ అని ఫోన్ వస్తే నేను అడిగేది రెండే. ఎన్నో నెల? దొడ్డిలో ఇంకెన్ని అట్లనే పోయినయి? ఒకటి పోతే దెబ్బ కావొచ్చు, ఇంకేదన్నా కావొచ్చు. నెలలు నిండవచ్చినంక వరుసగా రెండు మూడు పోయినయంటే అంటురోగమని అనుమానించి, నెత్తురు పరీక్షకు పంపాల్సిందే. బ్రూసెల్లా ఒక్కటే కాదు, క్లమీడియా, టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవులు కూడా మేకలను ఈసుకపోయేటట్టు చేస్తయి. టాక్సోప్లాస్మా పిల్లి మలంతో మేతలోకి వస్తది. గడ్డి వామి మీద పిల్లి పండుకుంటే ముద్దుగా ఉంటది గానీ, సూడి మేకకు ఆ గడ్డి మంచిది కాదు.

ఇంకోటి, ఈ రోగాలు మనుషులకూ అంటుతయి. బ్రూసెల్లా సోకితే వచ్చి పోయే జ్వరం, కీళ్ల నొప్పులు నెలల తరబడి వదలవు. పడిపోయిన పిల్లను, మాయను వట్టి చేతులతో ముట్టొద్దు. కుక్కలకు దొరకకుండా సున్నం వేసి లోతుగా పూడ్చాలె. కడుపుతో ఉన్న ఆడోళ్లు దగ్గరికే పోవద్దు. ఆ మంద పాలు కాచకుండా తాగొద్దు. దిష్టి అనుకుంటే ఇవేవీ చెయ్యం కదా, అదే నా బాధ.

*హన్మకొండ, తెలుగు పంతులు:*
‘ఈను’ పాత ద్రావిడ ధాతువు. తమిళంలో ‘ఈన్’ మనిషి తల్లికీ చెల్లుతుంది. కొడుకు గొప్పవాడని విన్న తల్లి, అతన్ని ఈనిన నాటికన్నా ఎక్కువ పొంగుతుందని తిరుక్కురళ్ 69వ కురళ్ అంటుంది. తెలుగులో మనిషికి ‘కను’ వచ్చి, ‘ఈను’ పశువులకూ పైరుకూ మిగిలింది. వరికి ముందు పొట్టకొస్తుంది, తరువాత ఈనుతుంది. వ్యవసాయశాఖ వాళ్లు కూడా పొట్టదశ, ఈనిక దశ అనే రాస్తారు. జనం కిక్కిరిస్తే నేల ఈనిందంటాం. మేడారం జాతర చూసినవాళ్లకు ఆ మాటకు వేరే అర్థం చెప్పనక్కర్లేదు.

*జమ్మికుంట నుంచి:*
పంతులు సార్, వరికి పొట్టదశల నీళ్లు తప్పితే తాలు. మేకకు తప్పితే?

*పశువైద్యుడు:*
మేకకు తప్పేది మేత. కడుపులో పిల్ల పెరుగుదలలో ఎక్కువ భాగం చివరి ఆరు వారాల్లోనే. రెండో మూడో పిల్లలుంటే పొట్టలో మేతకు చోటుండదు, తిండి తగ్గుతది, అవసరమేమో పెరుగుతది. అప్పుడు ఒంట్లో కొవ్వు కరిగి కీటోన్లు అనే చెడు పదార్థాలు పోగవుతయి. మేక మంద వెనక పడుతది, పండ్లు కొరుకుతది, తూలుతది, ఊపిరి ఒక రకం తియ్యటి వాసన వస్తది. చివరకు కూలవడుతది. మా పుస్తకాల్లో దీనికి పెద్ద పేరే ఉంది, ఊర్లో మాత్రం ‘పిల్లలెక్కువై మోస్తలేదు’ అంటరు. ఆ మాట తప్పని నేననను, లెక్క సరిగ్గనే ఉంది. బక్కచిక్కిన మేకకూ వస్తది, బాగా బలిసినదానికీ వస్తది. నాలుగో నెల దాటంగనే మక్కలు, తవుడు కొద్దికొద్దిగా మొదలుపెట్టి పెంచుకుంట పోవాలె. ఒక్కసారే గంపెడు మక్కలు పోస్తే అజీర్తి చేసి అదే చంపుతది. కూలవడ్డదాకా ఆగకుండ, మేత ఇడిసిన రోజే 1962కు (పశువుల అంబులెన్స్ నంబరు) ఫోన్ చెయ్యండి.

*పరకాల నుంచి, ఒక అక్క:*
మాయకూ మెయ్యకూ తేడా చెప్పండి సార్. మా అత్తమ్మ రెండింటినీ ఒక్కతీరే పలుకుతది. పోయినేడు ఫోన్‌ల ‘మాయ దిగింది’ అంటే, ‘ఈనినంక దిగాల్సిందే కదమ్మా’ అని అవతల పెట్టేసిన్రు. మా మేక ఇంకా ఈననే లేదు.

*పశువైద్యుడు:*
అక్కా, ఈనకముందు కనపడేది మెయ్య. సూడి చివర్ల, పండుకున్నప్పుడు వెనక ఎర్రటి ముద్ద బయటికొస్తది, మొదట్ల లేచి నిలబడితే లోపలికి పోతది. అది ఎండిపోకుండ శుభ్రమైన చల్లనీళ్లతో కడిగి, వెనకవైపు ఎత్తుండేటట్టు కట్టి, వెంటనే పిలవాలె. ఈనినంక వచ్చేది మాయ. మామూలుగా కొన్ని గంటల్లో పడుతది, 12 గంటలు దాటితే ఆలస్యమైనట్టు. వేలాడే మాయకు రాయి కట్టుడు, పట్టి గుంజుడు వద్దేవద్దు, లోపల చినుగుతది. ఫోన్‌ల ఏ మాటన్నా సరే, ముందు ‘ఈనింది’ అనో ‘ఈనలేదు’ అనో చెప్పండి. నాకు సగం సంగతి అక్కడే తెలుస్తది.

*మొదటి పోస్టు పెట్టినవారు:*
అక్కా, మీ అత్తమ్మ నోట ఇంకే మాటలున్నా రాసి పెట్టండి. తొలి పాలను మీ దిక్కు ముర్రుపాలు అంటరా, జున్నుపాలు అంటరా? మా దగ్గర పిల్ల తాగితే ముర్రుపాలు, మనం గిన్నెల పోసుకుంటే జున్నుపాలు.

*పరకాల అక్క:*
మాకు రెండూ జున్నుపాలే. అయినా పిల్ల లేచి నిలబడి కడుపునిండ తాగినంకనే గిన్నె. అత్తమ్మ అంతకుముందు చెయ్యి పెట్టనియ్యది.