క్యాన్సర్‌కు కరెంటు (రేడియేషన్) పెట్టేటప్పుడు నోరు పొక్కితే మధ్యలో ఆపొచ్చా? తేనె పనిచేస్తుందా?

దేవరకొండ కోడలు:
మా మామకు బుగ్గ క్యాన్సర్. ముప్పై ఏళ్ల గుట్కా అలవాటు. ఆపరేషన్ అయ్యాక హైదరాబాద్‌లో 30 సార్లు కరెంటు పెట్టాలన్నారు, 14 అయ్యాయి. నోరంతా పొక్కి, పెదవి లోపల తెల్లటి పొర కట్టింది. నిన్న చల్లారిన గంజి ఇస్తే ఒక్క గుక్క దిగలేదు. చెంచా నా చేతికే తిరిగిచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "వారం ఆపి, పుండు మానినంక మళ్లీ పెట్టిద్దాం" అని మా ఆడబిడ్డ. మా ఆయనేమో అమ్రాబాద్ నుంచి చెంచులు తీసిన తేనె తెప్పించి, మౌత్‌వాష్ మానేసి ఇదే పూయమంటున్నాడు. ఎవరి మాట వినాలి?

పాలమూరు అన్న:
ఆపండమ్మా. మా చిన్నాయనకు ఆపకుండా పెట్టిస్తే ఎనిమిది కిలోలు తగ్గి మంచం పట్టాడు. ఒంట్లో బలం ఉంటేనే కదా ఏ వైద్యమైనా పనిచేసేది.

నకిరేకల్ కొడుకు:
అన్నా, మీ బాధ అర్థమైంది, కానీ ఆ సలహా వద్దు. మేం చేసిన తప్పే అది. మా బాపుకు మూడో వారంలో నోరు పొక్కింది, దానికి తోడు ఇంట్లో పెళ్లి. తొమ్మిది రోజులు పోలేదు. తిరిగి వెళ్లాక డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది: మనం ఆగితే నోటి లోపలి పొర కోలుకున్నట్టే, మిగిలిన క్యాన్సర్ కణాలూ కోలుకుని పెరుగుతాయి. తల, మెడ క్యాన్సర్లలో ఒక్కో రోజు ఆలస్యానికి రోగం అదుపులోకి వచ్చే అవకాశం సుమారు ఒక శాతం తగ్గుతుందట. ఆ తొమ్మిది రోజులు గుర్తొస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు.

బలం సంగతికి ముక్కులోంచి పొట్టలోకి ఆహారం పంపే గొట్టం ఉంది. గొట్టం వేశారంటే మనిషి పని అయిపోయినట్టేనని మేమూ భయపడ్డాం. వేసిన నాలుగో రోజు బాపు లేచి వాకిట్లో కూర్చున్నాడు. పాలు, రాగి జావ, పప్పుకట్టు వడగట్టి పోసేవాళ్లం.

సూర్యాపేట సిస్టర్:
రేడియేషన్ వార్డులో పనిచేసిన నర్సును. చెల్లె, తేనె మాట కొట్టిపారేసేది కాదు. 2003లో మలేషియాలో 40 మందిపై చేసిన పరిశోధనలో తేనె వాడినవాళ్లకు నోటిపూత తీవ్రత తగ్గింది. 2012లో ఇంగ్లండ్‌లో న్యూజిలాండ్ నుంచి వచ్చే ఖరీదైన మనుకా తేనెతో చేస్తే తేడా కనబడలేదు. 2020 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు తేనెను సూచించాయి కానీ, అది పూత రాకుండా చూసుకోవడానికి. తేనె పేరు చెప్పి, డాక్టర్ ఇచ్చిన మౌత్‌వాష్ మానేయమని ఎవరన్నా వినకండి. మామకు షుగర్ ఉంటే డాక్టర్‌ను అడగకుండా అసలు వద్దు. లాలాజలం తగ్గిన నోట్లో తీపి నిలిస్తే పళ్లు పుచ్చిపోతాయి. అందుకే కరెంటు మొదలుపెట్టే ముందే పళ్ల డాక్టర్‌కు చూపించాలని అందరికీ చెబుతుంటాను. ఫ్లోరైడ్‌తో పళ్లు పాడైన మన నల్లగొండ వైపు అది ఇంకా అవసరం.

ఇంట్లో చేయాల్సింది: లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో టీ స్పూన్ ఉప్పు, టీ స్పూన్ వంట సోడా. మెలకువగా ఉన్నంతసేపు రెండు గంటలకోసారి పుక్కిలించి ఉమ్మేయాలి. బ్రష్ మెత్తనిది వాడాలి. పచ్చిపులుసు, తొక్కు, మంట పుట్టించే ఘాటు మౌత్‌వాష్ దగ్గరికి రానివ్వద్దు. గుట్కా సంగతి చెప్పక్కర్లేదు. తినే ముందు రాసే మత్తు జెల్ అడగండి, ఓర్చుకోమంటే మళ్లీ అడగండి. కొన్నిచోట్ల తక్కువ శక్తి లేజర్ కూడా ఉంది, మంచి ఫలితం ఇస్తుంది. జ్వరం వచ్చినా, నీళ్లు దిగకపోయినా అదే రోజు చెప్పాలి. విరామం ఇవ్వాలా వద్దా అన్నది డాక్టర్లే చూసుకుంటారు.

పాలమూరు అన్న:
మా చిన్నాయనకు గొట్టం మాట ఎవరూ చెప్పలేదు సిస్టర్. చెప్పి ఉంటే బాగుండేది. కానీ ఊరి నుంచి రోజూ పోయి రావడం మనిషిని పిండేస్తుందమ్మా, అక్కడే గది చూసుకోండి.

దేవరకొండ కోడలు:
ఆడబిడ్డకు ఇదంతా చదివి వినిపించాను. మామకు షుగర్ ఉంది, తేనె సీసా మూత పెట్టేశాను. ఉప్పు, సోడా నీళ్లు రెండుసార్లు పుక్కిలించాడు. పొద్దున ఐదింటి బస్సుకు బయలుదేరుతున్నాం, గొట్టం గురించి నేనే అడుగుతాను.