అప్‌డేట్: క్రిస్మస్ ఆరాధనకు వచ్చే కొత్తోళ్ల పలకరింపు

క్రిస్మస్‌కు మొదటిసారి వచ్చినోళ్లు ఎవరితో మాట్లాడకుండనే వెళ్లిపోతున్నరు, ఏం చేయాలని అడిగిన కదా. మీ సలహాలు దేవరకొండ చర్చిలో అమలు చేసినం.

అన్నిట్ల బాగా పనిచేసింది టీ జాగా మార్చుడే. ముగింపు ప్రార్థన కాంగనే కొత్తోళ్లు చెప్పులేసుకొని గేటు దాటుతరు. వెనక షెడ్డుల టీ పెడితే వాళ్లకు అందదు. ఇప్పుడు చెప్పుల స్టాండు పక్కనే టీ, కేకు, పలకరింపు అక్కడనే.

వెనక రెండు వరుసలు ఆలస్యంగా వచ్చేటోళ్లకు ఖాళీ. లేచి పేరు చెప్పుమనుడు బంద్, సిగ్గుపడి మళ్లా రారు. బైబిల్ వాక్యానికి పేజీ నంబరు చెప్తే కుదరదు, ఒక్కో ముద్రణల ఒక్కో తీరుంటది. "కొత్త నిబంధనల మూడో పుస్తకం, లూకా 2వ అధ్యాయం" అంటే దొరుకుతది. కానుక వేయకున్నా పర్వాలేదని, ప్రభువు బల్లప్పుడు (రొట్టె, ద్రాక్షరసం పంచేటప్పుడు) కూర్చునే ఉండొచ్చని ముందుగాల్నే చెప్పాలె. ఫోన్ నంబరు వాళ్లంతట వాళ్లిస్తేనే రాసుకోవాలె.