జిప్సీ వెనక డిఫరెన్షియల్‌కు లాకర్: ఏ రకం మేలు?

ప్రశ్న: పాడేరు దగ్గరి కాఫీ తోటకు మారుతి జిప్సీలో వెళ్లివస్తుంటాను. వానాకాలంలో ఎర్రమట్టి గట్టు ఎక్కేటప్పుడు ఒక వెనక చక్రం పైకి లేచి గిర్రున తిరుగుతుంది, నేలమీదున్నది మాత్రం కదలదు. ఫోర్‌వీల్‌లో వేసినా ముందు చక్రాల్లో ఒకటి అలాగే జారుతోంది. వెనక లాకర్ (రెండు వెనక చక్రాలనూ కలిపి ఒకేలా తిప్పే పరికరం) వేయిద్దామనుకుంటున్నాను. దానంతటదే పట్టే రకమా, గాలితో పనిచేసే రకమా, ఏది మంచిదో తెలిసినవారు చెప్పగలరు.

మొదటి జవాబు: మామూలు డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని రెండు పక్కల చక్రాలకూ పంచే గేర్ల అమరిక) రెండు చక్రాలకూ సమానమైన తిప్పుడు బలాన్నే ఇస్తుంది కాబట్టి, గాలిలో ఉన్న చక్రం తిరగడానికి ఎంత తక్కువ చాలితే నేలమీది చక్రానికీ అంతే అందుతుంది. ఆటోమేటిక్ లాకర్ పాత కేజ్‌లోనే (డిఫరెన్షియల్ గేర్లను పట్టి ఉంచే గూడు) స్పైడర్ గేర్లనే లోపలి చిన్న గేర్ల స్థానంలో కూర్చుంటుంది. గాలి లాకర్‌కైతే కేజ్ మొత్తం మార్చి, క్రౌన్, పినియన్ల (ఇంజిన్ బలాన్ని డిఫరెన్షియల్‌కు అందించే పెద్ద, చిన్న గేర్లు) పళ్ల మధ్య సందును డయల్ గేజ్‌తో కొలిచి సర్దాలి. కంప్రెసర్ ఖర్చు అదనం.

రెండో జవాబు: నేను ఆటోమేటిక్ వేయించాను. బ్రేక్ డ్రమ్ములు, పైపులు విప్పి చక్రాలను తిప్పే యాక్సిల్ షాఫ్టులను పక్కకు లాగాకే డిఫరెన్షియల్ ఊడివస్తుంది, కాబట్టి ఆయిల్ సీళ్లు ముందే కొనిపెట్టుకోండి. బిగించాక బ్రేకుల్లో గాలి తీయించండి. మలుపుల్లో టిక్కుటిక్కుమనే చప్పుడుకు అలవాటు పడ్డాను గానీ, తడిసిన తారు మీద మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలితే బండి తోక పక్కకు తన్నడం ఇప్పటికీ భయమే. రోజూ ఘాట్ రోడ్డు దిగే మీకు, అవసరమైనప్పుడే స్విచ్‌తో పట్టించే గాలి లాకరే తగినది.

మూడో జవాబు: ఏది వేసినా, చక్రం రాళ్ల మధ్య ఇరుక్కున్నప్పుడు యాక్సిలరేటర్ అదిమి తొక్కకండి. బలమంతా ఒక్క షాఫ్టు మీదే పడి అది విరిగిపోవచ్చు.