లగ్జరీ కారుకి ఎక్స్‌టెండెడ్ వారంటీ: నెల్లూరులో ఉండేవాళ్లు తీసుకోవాలా, వద్దా?

పెన్నా ఒడ్డు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. మాది మాగుంట లేఅవుట్. మూడేళ్ల కిందట జర్మన్ డీజిల్ ఎస్‌యూవీ కొన్నాం, ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగులకు బదులు గాలి మీద నిలబడేది) ఉన్న మోడల్. ఇప్పటికి 44,000 కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ వారంటీ ఇంకో 24 రోజుల్లో అయిపోతుంది. ఇంకో రెండేళ్లు పొడిగించుకోమని చెన్నై షోరూమ్ నుంచి రోజూ ఫోన్ చేస్తున్నారు. జీఎస్టీతో కలిపి 2,10,000 రూపాయలు. గడువు దాటితే రేటు పెరుగుతుందంట, పైగా కారు చెక్ చేశాకే ఇస్తారంట.

మా నాన్న మాత్రం "మూడేళ్లలో పైసా రిపేరు రాలేదు, ఊరికే రెండు లక్షలు ఎందుకు పొయ్యాలి" అంటున్నాడు. నాకేమో టెన్షన్‌గా ఉంది. మా కారు కంపెనీ వర్క్‌షాప్ నెల్లూరులో లేదు. ఏదొచ్చినా 175 కిలోమీటర్లు చెన్నై పోవాల్సిందే. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఒంగోలు లెక్కలు

తీసుకోవద్దు తమ్ముడూ. మీ నాన్నగారు చెప్పిందే కరెక్టు.

వారంటీ అమ్మేవాడు నష్టానికి అమ్మడు. వచ్చే క్లెయిములు, ఆఫీసు ఖర్చులు, షోరూమ్ కమిషన్, లాభం అన్నీ కలుపుకునే 2,10,000 చెప్పాడు. అంటే తీసుకున్నవాళ్లలో ఎక్కువమందికి కట్టినంత తిరిగి రాదు. అదే డబ్బు బ్యాంకులో వేసుకో. 7 శాతం వడ్డీ అనుకున్నా రెండేళ్లకు సుమారు 2,40,000 అవుతుంది. రిపేరు వస్తే అందులోంచి తీసి కట్టు, రాకపోతే ఆ డబ్బు నీదే. నేను రెండు కార్లకు ఇట్లాగే చేశాను. మొదటిదానికి ఐదేళ్లలో 60 వేలు కూడా దాటలేదు.

రొయ్యల గుంట (కావలి)

అన్నా, మీ లెక్క కాగితం మీద బాగుంది. నాకు జరిగింది చెప్తా వినండి.

నాది నాలుగేళ్ల బండి, వారంటీ పొడిగించుకోలేదు. ఒకరోజు పొద్దున పోర్టికోలోకి వచ్చి చూస్తే ముందు ఎడమ చక్రం దగ్గర కారు కూర్చుని ఉంది. కుడివైపు టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య నాలుగు వేళ్ల సందు ఉంటే, ఎడమవైపు రెండు వేళ్లు కూడా దూరడం లేదు. స్టార్ట్ చేస్తే గుయ్యిమని శబ్దం వచ్చి రెండు నిమిషాల్లో లేచి సమానమైంది. లేచింది కదా అని రెండు నెలలు అట్టాగే తిప్పాను. ఆ తర్వాత ఒకరోజు లేవడం మానేసింది. టోయింగ్ లారీ మీద చెన్నై పంపాను. ఎడమ స్ట్రట్ (చక్రం దగ్గర గాలి నిండి కారుని మోసే భాగం), దానికి గాలి కొట్టే కంప్రెసర్, రిలే మార్చారు. బిల్లు 3,40,000. లారీకి ఇంకో 19 వేలు.

హార్వెస్ట్ టైములో పది రోజులు బండి లేదు. గుంటల దగ్గరికి డ్రైవర్ స్కూటర్ మీద తిరిగాను. వారంటీ తీసుకో తమ్ముడూ, నిద్రైనా పడుతుంది.

ఒంగోలు లెక్కలు

మీకు జరిగినదానికి బాధగా ఉంది. కానీ ఒక్క బండిని చూసి అందరికీ చెప్పలేం కదా. రెండు నెలలు తిప్పకుండా మొదటి రోజే చూపించి ఉంటే కంప్రెసర్ దక్కేదేమో. అప్పుడు బిల్లు సగమే.

చీమకుర్తి (ప్రకాశం)

క్వారీ రోడ్లలో తిరిగేవాళ్లకి ఒక మాట. నాకు వారంటీ ఉంది, అయినా క్లెయిమ్ తిప్పి కొట్టారు. గేర్‌బాక్స్ ఆయిల్ కారుతుంటే తీసుకుపోయాను. కింద రాయి తగిలిన గీత ఉందని ఫోటో తీసి, ఇది బయటి దెబ్బ, ఇన్సూరెన్స్‌లో చేయించుకోమన్నారు. ఇన్సూరెన్స్ సర్వేయర్ వస్తే మళ్లీ అదో కథ. వారంటీ ఉంటే చాలు అనుకోవద్దు.

పాత అడ్వైజర్ (గూడూరు)

చెన్నైలో ఇట్లాంటి కార్ల వర్క్‌షాపులో తొమ్మిదేళ్లు సర్వీస్ అడ్వైజర్‌గా చేశాను. క్లెయిములు రాసింది నేనే, కాదన్నప్పుడు కస్టమర్‌కి ఆ మాట చెప్పాల్సి వచ్చింది కూడా నేనే. అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా.

తీసుకోవాలా వద్దా అన్నది తర్వాత, తమ్ముడూ. ముందు ఆ కాగితం ఎవరిదో చూడు. కారు తయారుచేసిన కంపెనీ సొంతంగా ఇచ్చే పొడిగింపు ఒక రకం. షోరూమ్ వాళ్లు బయటి సంస్థతో కలిసి అమ్మేది ఇంకో రకం. ఫోనులో రెండిటి పేరూ ఒక్కటే. మొదటి రకం దేశంలో ఏ ఊళ్లోని ఆ కంపెనీ వర్క్‌షాపులోనైనా చెల్లుతుంది. రెండోదానికి ఒక క్లెయిముకి ఇంతే అని లిమిట్ ఉండొచ్చు, పార్టు పాతదయ్యేకొద్దీ ఇంత శాతమే ఇస్తామని ఉండొచ్చు. రెండో రకమైతే నేను ఒంగోలు అన్న పక్షం.

తర్వాత ఏది కవర్ అవుతుంది అన్నది. కావలి అన్న చెప్పిన ఎయిర్ సస్పెన్షన్‌నే తీసుకుందాం. స్ప్రింగు ఉండాల్సిన చోట, స్ట్రట్‌లో, గాలి నిండిన సంచి లాంటి రబ్బరు బెలో ఉంటుంది. ఎండకీ దుమ్ముకీ ఆ రబ్బరు మడతల దగ్గర సన్నగా పగులుతుంది. రాత్రంతా కొంచెం కొంచెంగా గాలి పోతుంది, పొద్దున కారు దిగి ఉంటుంది. స్టార్ట్ చేయగానే కంప్రెసర్ గాలి నింపుతుంది. అప్పుడప్పుడు కాసేపే పనిచేయాల్సిన కంప్రెసర్, లీకు ఉంటే మాటిమాటికీ ఆడి కాలిపోతుంది. ఇప్పుడు అసలు గొడవ. కంప్రెసర్ కవర్ అవుతుంది. కానీ కొన్ని కాంట్రాక్టుల్లో రబ్బరు భాగాలన్నీ అరిగే సామాను కింద రాసి ఉంటాయి, బ్రేక్ ప్యాడ్లు, వైపర్ బ్లేడ్ల పక్కన. అప్పుడు బెలో మీ ఖర్చు. బెలో లీకు వల్లే కంప్రెసర్ పోయింది కాబట్టి అదీ ఇవ్వం అన్న సందర్భాలు నేనే చూశాను. ఆ ఒక్క లైను చదవకుండా 2,10,000 కట్టొద్దు.

డీజిల్ కాబట్టి ఇంకో మాట. బీఎస్ 6 బండిలో పొగ మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది. కాసేపు ఆగకుండా మంచి స్పీడులో పోతేనే దాంట్లో మసి కాలి శుభ్రమవుతుంది. మాగుంట లేఅవుట్ నుంచి వీఆర్‌సీ సెంటర్ దాకా రోజూ రెండుసార్లు తిప్పితే అది మూసుకుపోతుంది. మీ వాడకం వల్లే కదా అని ఆ క్లెయిమ్‌ని పక్కన పెడతారు. వారానికి ఒకసారైనా హైవే మీద తీసుకుపో. ఎలుకలు వైర్లు కొరికినా, వరద నీరు ఇంజన్‌లోకి పోయినా వారంటీ పనికిరాదు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు మన దగ్గరి నుంచి వచ్చిన బండ్లు చూశాను. నీళ్లకి ఇన్సూరెన్స్‌లో ఇంజన్ ప్రొటెక్ట్ విడిగా తీసుకోవాలి.

ఇక ఈ కార్లలో పెద్ద బిల్లులు ఎక్కువగా ఇంజన్‌వి కావు. ఎలక్ట్రానిక్ మాడ్యూళ్లు, హెడ్‌లైట్లు, గేర్‌బాక్స్‌ని నడిపే మెకాట్రానిక్ యూనిట్, పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లని కొలిచే నాక్స్ సెన్సార్లు. వీటిని స్థానికంగా విప్పి బాగుచేసేవాళ్లు తక్కువ, పార్టు మొత్తం మార్చాల్సిందే. ఒంగోలు అన్న లెక్క సగటున నిజమే. కానీ సగటు బిల్లు రాదు కదా, వస్తే మూడు లక్షలు, లేకపోతే సున్నా. ఆ మూడు లక్షలు ఒక్కసారిగా తీసినా ఇబ్బంది లేని ఇంటికి వారంటీ అక్కర్లేదు. నెలనెలా కారు ఈఎంఐ కడుతున్న ఇంటికి కంపెనీ సొంత వారంటీ అవసరమే అని నా అభిప్రాయం.

ఇవన్నీ కాకముందు ఒక పని చెయ్యి. నీకు ఇంకా 24 రోజుల అసలు వారంటీ ఉంది. రాత్రి సమానంగా ఉన్న చోట కారు పెట్టు. పొద్దున తలుపు తియ్యకుండా నాలుగు చక్రాల దగ్గర ఎత్తు టేపుతో కొలువు. శబ్దాలు, డ్యాష్‌బోర్డు మీద వచ్చిపోయే లైట్లు రాసిపెట్టుకో. అన్నీ జాబ్ కార్డులో (బండి తీసుకునేటప్పుడు వర్క్‌షాప్ వాళ్లు రాసే కాగితం) ఎక్కించు. "అది మామూలే సార్" అని నోటితో చెప్తే ఒప్పుకోకు. రాతలో ఉన్న ఫిర్యాదు గడువు దాటాక కూడా నీ వైపు మాట్లాడుతుంది.

నల్లకోటు (ఒంగోలు)

వకీలుగా రెండు ముక్కలు. కట్టే ముందే పూర్తి నిబంధనల కాపీ మెయిల్‌లో అడగండి. చూపించని షరతు చూపి క్లెయిమ్ కాదంటే వాదించడానికి మీకు బలం ఉంటుంది. షోరూమ్ చెన్నైలో ఉన్నా, 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు నివసించే చోట, అంటే నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. వివాదం వచ్చిన రెండేళ్లలోపు వేయాలి. ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, చాలావరకు అక్కడే కదులుతుంది.

పెన్నా ఒడ్డు (నెల్లూరు)

అందరికీ థ్యాంక్స్. మూడు రోజుల తర్వాత రాస్తున్నా.

షోరూమ్ వాళ్లు మొదట రంగుల కాగితం ఒకటి పంపారు. నిబంధనల పుస్తకం కావాలని గట్టిగా అడిగితే 14 పేజీలు వచ్చాయి. కంపెనీదే, బయటి సంస్థది కాదు. టోయింగ్ ఉంది కానీ 100 కిలోమీటర్ల వరకే. చెన్నై దాకా మిగతాది మనమే పెట్టుకోవాలి. ఎయిర్ స్ట్రట్ కవర్ అయ్యే జాబితాలో పేరుతో ఉంది. రబ్బరు గురించి తొమ్మిదో పేజీలో ఒక లైను ఉంది, అది స్ట్రట్‌కి వర్తిస్తుందా అని మెయిల్ పెట్టాను. జవాబు రాలేదు. జవాబు వచ్చేదాకా డబ్బు కట్టను.

గూడూరు అన్న చెప్పినట్టు మూడు రోజులూ పొద్దున్నే కొలిచాను. వెనక కుడివైపు రోజూ మిగతావాటికంటే కిందికే ఉంది. నిన్న 18 మిల్లీమీటర్లు, ఇవాళ 22. నాన్న కూడా పక్కన కూర్చుని టేపు పట్టుకున్నాడు. ఫోటోలు తీశాం.

ఒంగోలు లెక్కలు

పొడిగింపు సంగతి తర్వాత తేల్చుకుందువు. ఈ వారమే చెన్నై తీసుకుపో తమ్ముడూ. ముందురోజు సాయంత్రమే అప్పగించి, రాత్రి వాళ్ల దగ్గరే నిలబెట్టమని చెప్పు. పొద్దున వాళ్ల కళ్ల ముందే దిగి ఉండాలి.

పెన్నా ఒడ్డు (నెల్లూరు)

గురువారానికి బుక్ చేశాను అన్నా. సాయంత్రం ఐదింటికి ఇస్తున్నా.