చెక్ ఇంజిన్ లైటు పోయినట్టే పోయి మళ్ళీ వస్తోంది, కన్వర్టర్ మార్చమంటున్నారు

కోరాపుట్_కారు:
2016 మోడల్ పెట్రోల్ కారు. సాలూరు నుంచి తిరిగొస్తూ సుంకి ఘాట్ ఎక్కేసరికి చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. గ్యారేజీలో స్కానర్ పెడితే పి0420 చూపిస్తోంది. కోడ్ తీసేస్తారు, నాలుగు రోజులకు మళ్ళీ అదే. ఇప్పుడు పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టరే మార్చాలంటున్నారు. పికప్, మైలేజీ బాగానే ఉన్నాయి. అంత డబ్బు పెట్టే ముందు ఏమేం చూడాలి? ఇంట్లోకి ఏ స్కానర్ కొనాలి? విశాఖలో పెళ్ళి ఉంది, ఈ లైటుతో వెళ్ళొచ్చా?

జయపురం_స్టీరింగ్:
బ్యాటరీ నెగటివ్ తీసి అరగంట వదిలేయండి, లైటు పోతుంది. మా బండికి ఎప్పుడొచ్చినా ఇదే వైద్యం. స్కానర్లూ గీనర్లూ అనవసరం.

బరంపురం_గ్యారేజీ:
దయచేసి ఆ పని చేయకండి. చాలా బళ్ళలో బ్యాటరీ తీస్తే కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. లైటు వెలిగిన క్షణంలో స్పీడెంత, ఆర్‌పీఎం ఎంత, ఇంజిన్ వేడెంత, లోడెంత, అన్నీ అందులోనే ఉంటాయి. ఘాట్‌లోనే ఎందుకొస్తోందో చెప్పే ఆధారాన్ని మన చేత్తో మనమే చెరిపేసుకున్నట్టు.

జయపురం_స్టీరింగ్:
స్కానర్లు రాకముందు నుంచీ ఈ ఘాట్లలో బళ్ళు నడుపుతున్నాను. నాకు పాఠాలొద్దు.

గుణుపురం_రైతు:
ముందు బానెట్ ఎత్తి ఎలకల సంగతి చూడండి. నూర్పుల రోజుల్లో కళ్ళం పక్కన పెడితే మా కారుకూ లైటొచ్చింది. ఆక్సిజన్ సెన్సార్ పోయిందన్నారు. టార్చ్ వేసి చూస్తే సెన్సార్ వైరు తొడుగు కొరికేసి ఉంది, రాగి తీగ పచ్చబారింది. అతుకు వేసి టేపు చుడితే సరిపోయింది.

పార్వతీపురం_ట్రావెల్స్:
అసలు గొడవ పెట్రోల్‌ది. ఆంధ్రా కంటే రేటు తక్కువని అందరం రాయగడ వైపే కొట్టిస్తాం. ఆ కల్తీకి ఏ సెన్సార్ తట్టుకుంటుంది?

రాయగడ_వాసి:
ఒడిశాలో పన్ను తక్కువ, అందుకే రేటు తక్కువ. దానికి కల్తీ అని పేరు పెడతారా? అనుమానముంటే బంకులో ఫిల్టర్ పేపర్ టెస్ట్ అడగండి, డెన్సిటీ చూపించమనండి. చేసి చూపించాల్సిందే. ఒక్కసారైనా అడిగారా?

పార్వతీపురం_ట్రావెల్స్:
అడిగితే పేపర్ లేదన్నారు. అది కూడా నా తప్పేనా?

రాయగడ_వాసి:
లేదంటే కంప్లైంట్ రాయాలి. ఊరి పేరు చెడగొట్టకూడదు.

బరంపురం_గ్యారేజీ:
పెట్రోల్ గొడవ వేరే చోట పెట్టుకోండి. కోరాపుట్ అన్నా, పి0420 అంటే కన్వర్టర్ పోయిందని కాదు, సరిగ్గా పనిచేయట్లేదని కంప్యూటర్‌కు అనుమానం. ముందు సైలెన్సర్ లీకు చూడాలి. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి పొగ ఇంజిన్‌లోంచి బయటికొచ్చే మానిఫోల్డ్ దగ్గర వినండి. టిక్ టిక్‌మంటున్నా, జాయింట్ల దగ్గర నల్లటి మసి ఉన్నా లీకే. ఆ సందులోంచి గాలి లోపలికెళ్తే సెన్సార్ తప్పు రీడింగ్ ఇస్తుంది. లీకు లేకపోతే ఇంజిన్ బాగా వేడెక్కాక 2500 ఆర్‌పీఎంలో పట్టి కన్వర్టర్ వెనకున్న ఆక్సిజన్ సెన్సార్ రీడింగ్ చూడండి. 0.6, 0.7 వోల్టుల దగ్గర నిలకడగా ఉంటే కన్వర్టర్ బాగున్నట్టే. ముందు సెన్సార్‌లాగే 0.1కీ 0.9కీ మధ్య ఊగుతుంటే మాత్రం అనుమానించాలి. అప్పుడు కూడా మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండకపోవడం) ఉందా, ఇంజిన్ ఆయిల్ తాగుతోందా చూడకుండా కొత్తది వేస్తే అదీ పోతుంది.

జయపురం_స్టీరింగ్:
ఇవన్నీ చూడటానికి లక్షల మెషీను కావాలి.

బరంపురం_గ్యారేజీ:
అక్కర్లేదు. స్టీరింగ్ కింద స్కానర్ తగిలించే 16 పిన్నుల ఓబీడీ పోర్టు ఉంటుంది. చవక బ్లూటూత్ స్కానర్‌తో ఫోన్‌లోనే రెండు సెన్సార్లూ కనిపిస్తాయి.

కోరాపుట్_కారు:
పొద్దున చూశాను. కన్వర్టర్‌కు ముందున్న జాయింటు చుట్టూ మసి పట్టి ఉంది, టిక్ టిక్ కూడా వినిపిస్తోంది. కన్వర్టర్ ఆర్డర్ ఆపించేశాను. ముందు గ్యాస్కెట్ మార్పించి, కోడ్ తీయించి, మళ్ళీ ఘాట్ ఎక్కుతాను. పెళ్ళి సంగతి ఎవరూ చెప్పలేదు.

గుణుపురం_రైతు:
వైర్లు కూడా చూశారా?

బరంపురం_గ్యారేజీ:
లైటు నిలకడగా ఉండి, బండి మామూలుగా లాగుతుంటే వెళ్ళొచ్చు. మిణుకుమిణుకుమంటే మాత్రం పక్కకు తీసి ఆపేయండి. అది మిస్‌ఫైర్. కాలని పెట్రోల్ కన్వర్టర్‌లోకెళ్ళి దాన్ని మాడ్చేస్తుంది, అప్పుడు నిజంగానే కొత్తది కొనాలి.